పేరుకే రెస్ట్

ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి ఏపీఐ. అది జేసన్ (డేటాను టెక్స్ట్‌గా రాసే పద్ధతి) పంపిస్తే చాలు, దానికి 'రెస్ట్ ఏపీఐ' అని పేరు పెట్టేస్తున్నారు. నిన్న నా చేతికొచ్చిందీ అంతే. ఉన్నది ఒకటే యూఆర్ఎల్, ఏం కావాలన్నా దానికే పోస్ట్ (డేటా పంపే రిక్వెస్ట్) కొట్టాలి. ఆర్డర్ దొరక్కపోతే 404 ('దొరకలేదు' అనే కోడ్) రావాలా? రాదు. దర్జాగా 200 ఓకే ('అంతా సవ్యం' అనే కోడ్) వస్తుంది, లోపలేమో "స్టేటస్: ఫెయిల్డ్"! మానిటరింగ్‌లో అంతా పచ్చగానే ఉంటుంది, కస్టమర్లు మాత్రం ఫోన్లో తిడుతుంటారు.

ఇంకొకాయన మీటింగ్‌లో "రెస్ట్ ప్రోటోకాల్" అంటాడు. అయ్యా, ప్రోటోకాల్ హెచ్‌టీటీపీ. వెబ్‌లో సమాచారం పంపుకునే నియమాలవి. రెస్ట్ అనేది సిస్టమ్‌ని ఎలా కట్టాలో చెప్పే ఆర్కిటెక్చర్ శైలి, రాయ్ ఫీల్డింగ్ 2000లో తన పీహెచ్‌డీ థీసిస్‌లో వివరించింది. సర్వర్ ఇచ్చిన లింకుల ఆధారంగానే క్లయింట్ (అడిగే ప్రోగ్రామ్) ముందుకెళ్లాలన్నది అందులో ముఖ్యమైన షరతు. దాన్ని గాలికొదిలేశారని 2008లో ఆయనే విసుక్కున్నాడు.

ఆర్పీసీ (వేరే కంప్యూటర్‌లోని ఫంక్షన్‌ని పిలిచే పద్ధతి) రాసుకోండి, ఎవరొద్దన్నారు? ఆ పేరే పెట్టండి బాబూ!