ఒక బిస్కెట్ ప్యాకెట్, పద్నాలుగు మంది దాతలు

విజయవాడ వన్‌టౌన్‌లో, కొండ మెట్లు మొదలయ్యే చోట మాకో కమ్యూనిటీ హాలుంది. దాని తాళంచెవి మా ఇంట్లో మేకుకి వేలాడుతుంటుంది. సాయంత్రం అయిదింటికి తీయడం, ఏడింటికి వేయడం, సమాజసేవలో నా హోదా అంతవరకే. కాబట్టి ఈ రాసేదంతా తాళంచెవి స్థాయి మనిషి అభిప్రాయంగానే తీసుకోండి.

బడి వదిలాక ముప్పై మంది దాకా పిల్లలు ఆ హాల్లో చేరతారు. అమ్మలు నాలుగిళ్లలో పాచిపనికీ, నాన్నలు మార్కెట్లో ముఠా పనికీ పోయుంటారు. ఇంటికెళ్లినా తలుపు తీసేవాళ్లుండరు. అలాంటి చోటుకి పోయిన శనివారం ఒక ఇంజనీరింగ్ కాలేజీ నుంచి పద్నాలుగు మంది విద్యార్థులు విద్యాదానం చేయడానికి వేంచేశారు. కాలేజీ పేరు చెప్పను. ఎవరికి వారు తమదే అనుకుని మురిసిపోవాలని నా కోరిక.

తెచ్చిన సరంజామా: ఒక ఫ్లెక్సీ, 24 బిస్కెట్ ప్యాకెట్లు, పద్నాలుగు ఫోన్లు. సుద్దముక్క మాత్రం మర్చిపోయారు. ఫ్లెక్సీ మీద ఛైర్మన్ గారు, కరస్పాండెంట్ గారు, ప్రిన్సిపాల్ గారు, ఛైర్మన్ గారి దివంగత తండ్రిగారు కొలువుతీరగా మిగిలిన జానెడు జాగాలో ‘విద్య’ ఒదిగి కూర్చుంది. తేదీ మీద స్టిక్కరు, కార్యక్రమం పేరు మీద ఇంకో స్టిక్కరు. మా బుడ్డోడొకడు గోటితో గోకితే కింద ‘మొక్కలు నాటుట’ బయటపడింది.

ఇక ప్రదానోత్సవం. ఒక అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్‌ని ఒక రెండో తరగతి పిల్లాడికి ఇవ్వడానికి ఎంతమంది కావాలో మీకు తెలుసా? పద్నాలుగు మంది. ప్యాకెట్ చిన్నది కదా, నలుగురి వేళ్లకి మించి పట్టలేదు. మిగతా వాళ్లు ఆ నలుగురి మోచేతులు పట్టుకున్నారు, వాళ్ల వెనకున్నవాళ్లు వీళ్ల భుజాలు పట్టుకున్నారు. పీటల మీద కన్యాదానం ధార పోస్తుంటే చుట్టాలంతా ఒకరి భుజం ఒకరు తాకి పుణ్యం పంచుకుంటారే, అచ్చం అట్లా. పిల్లాడు అమాయకంగా ప్యాకెట్ లాగాడు. వీళ్లు వదల్లేదు. ఫోటో తీయడానికని వెంట వచ్చిన పదిహేనోవాడి ఫోన్లో స్టోరేజీ నిండిపోయింది మరి. వాడు నిలబడి పాత ఫోటోలు ఒక్కొక్కటే చూసుకుంటూ, దేన్ని తీసేయాలో తేలక బాధపడుతున్నంతసేపూ అటు పద్నాలుగు మంది, ఇటు ఒక పిల్లాడు, మధ్యలో ఆ ప్యాకెట్.

ఈలోగా సిద్ధాంత చర్చ లేచింది. పిల్లాడు నవ్వాలా, నవ్వకూడదా? నవ్వితే పోస్టు బాగుంటుందని కొందరు, నవ్వకపోతేనే ఎమోషనల్‌గా ఉంటుందని కొందరు. చేతులెత్తి ఓట్లేద్దామంటే చేతులు ఖాళీ లేవు. చివరికి పిల్లాడే తేల్చాడు: “అన్నా, దసరాకి వచ్చినోళ్లు ముందు నవ్వమని, తర్వాత వద్దని రెండూ తీసుకున్నారు. మీరూ అట్టానే తీసుకోండి.” వాడికి ఏడేళ్లు.

అంతా పంచాక వీడియో అడ్డంగా వచ్చిందని, నిలువుగా కావాలని, ప్యాకెట్లన్నీ వెనక్కి తీసుకుని మళ్లీ పంచారు. అప్పటికే ఒకడు తన ప్యాకెట్ విప్పేశాడు. వాణ్ణి చివరి వరసకి పంపారు. ముప్పై మందికి 24 ప్యాకెట్లేమిటని నేను అడగలేదు. లెక్కలు వాళ్ల సబ్జెక్టు.

వీళ్లు వచ్చింది కాలేజీల్లో నడిచే జాతీయ సేవా పథకం, అదే ఎన్‌ఎస్‌ఎస్, తరఫున. అది 1969లో, గాంధీ శతజయంతి ఏట, 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలి. దాని ఆదర్శ వాక్యం ‘నేను కాదు, నువ్వు’. ఆ వాక్యం ఇప్పటికీ చెక్కుచెదరలేదని ఆ రోజు నా చెవులతో విన్నాను. గ్రూప్ ఫోటోలో ఒకమ్మాయి పక్కవాణ్ణి అడిగింది, “ఎవరు జరగాలి, నేనా?” వాడన్నాడు, “నువ్వు కాదు, నేను జరుగుతాలే” అని. ఆదర్శం కొంచెం తిరగబడింది, అంతే. ఆ పూట నాకు కనిపించిన త్యాగం అదొక్కటే కాబట్టి మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను.

చదువు కూడా చెప్పారండోయ్. పన్నెండు నిమిషాలు. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు. పిల్లలు మర్యాదస్తులు, మొదటిసారి వింటున్నట్టే గొంతు కలిపారు. ఈ మూడేళ్లలో మా హాలుకి వచ్చిన బ్యాచ్‌లలో ఇది తొమ్మిదోది. తొమ్మిది బ్యాచ్‌లూ అ దగ్గరే కొబ్బరికాయ కొట్టాయి, ఒక్కటీ గుణింతం దాటలేదు. మా పిల్లలకి ఆవుతో ఉన్నంత పరిచయం దాన్ని కాసేవాడికి కూడా ఉండదు.

వీళ్లలో ఎర్ర రిబ్బన్ల పిల్ల ఒకతి ఉంది, నాలుగో తరగతి. దసరాకి వచ్చిన బ్యాచ్‌లో ఒక కుర్రాణ్ణి పలక మీద ‘అమ్మ’ చూపించి అడిగింది: “అన్నా, మ కింద ఆ చిన్నది ఏంది?” మూడేళ్లుగా అమ్మని బొమ్మ చూసి చదివిన పిల్ల మొదటిసారి అక్షరం చూసింది! అదీ ప్రశ్నంటే. ఆ కుర్రాడు దాని తల నిమిరి, “వచ్చే వారం చెప్తా కదా” అన్నాడు. పక్కవాడు ఆ తల నిమరడాన్ని ఫోటో తీశాడు.

వచ్చే వారం వాడు రాలేదు. ఆ పిల్ల అయిదింటి నుంచి మెట్ల మీద పలక ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లోపలికి రమ్మంటే “అన్న వస్తానన్నాడు” అంది. వీధి లైట్లు వెలిగాక కూడా అదే మాట. రాకపోతే రాకు నాయనా, నిన్నెవరు బొట్టు పెట్టి పిలిచారు? వస్తానని ఎందుకు చెప్పావు? నీకది నోటికొచ్చిన మాట. దానికది శనివారం. నాన్న వస్తాడని, అమ్మ పెందలాడే వస్తుందని, సారు వస్తాడని ఎదురుచూసే పిల్లల దగ్గరికొచ్చి, ఎదురుచూపుల్లో ఇంకోటి కలిపి పోవడానికి సర్టిఫికెట్ కూడానా? పల్లె పిల్లల చదువుల మీద సర్వే చేసే అసర్ వాళ్ల 2024 నివేదిక చూడండి, పల్లెల్లో సర్కారు బడి అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగిన వాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి 45 మంది కూడా లేరు. వాళ్లకి మీ ఆవు అక్కర్లేదు. మ కింద ఉన్నదేంటో చెప్పి పోండి, రెండు నిమిషాల పని!

ఆ రెండు నిమిషాల పని సోమవారం మా పై మెట్ల అమ్మాయి చేసింది. పగలు బట్టల కొట్లో నిలబడి, దూరవిద్యలో డిగ్రీ చదువుతోంది. ఆదివారం తప్పితే రోజూ ఆరింటికి వచ్చి పిల్లల్ని కూర్చోబెట్టుకుంటుంది. ఆమె గంటలు ఏ లాగ్‌బుక్‌లోనూ ఉండవు. పోయిన శనివారం ఆమె కొట్లో సెలవడిగి మరీ పెందలాడే వస్తే, గ్రూప్ ఫోటోలోంచి కాస్త పక్కకి జరగమన్నారు. టీ షర్టు వేరే రంగుదట.

అయిదూ యాభైకి సేవ ముగిసింది. లీడరు కుర్రాడు లాగ్‌బుక్ చాపాడు. నలభై నిమిషాలు అందులో ఆరు గంటలైంది, ‘నిరక్షరాస్యత నిర్మూలన’ ఎదురుగా టిక్కు పడింది.

“అంకుల్, ఇక్కడో సంతకం.”

పెన్ను తీసి, ఎర్ర రిబ్బన్ల పిల్ల పలక అందుకుని అమ్మని చూపించాను. “సంతకానిదేముంది బాబూ, మ కింద ఈ చిన్నది ఏమిటో చెప్పు.”

వాడు పక్కవాడి వంక చూశాడు. పక్కవాడు ఇంకొకళ్ల వంక చూశాడు. పద్నాలుగు మందీ ఒకరి భుజం వెనక ఒకరు చేరారు, ఈసారి ప్యాకెట్ లేకుండానే. ఇంటర్‌లో మార్కుల కోసం అందరిదీ సంస్కృతమేనట. పిల్ల పలక వెనక మొహం దాచుకుని కిసుక్కుమంది.

“గూగుల్ చేసి వచ్చే వారం చెప్తాం అంకుల్. ఈలోగా సంతకం మాత్రం పెట్టేయండి.”