అడ్రస్ ప్రూఫ్ గారికి, అక్కయ్యపాలెం నుంచి

మహారాజశ్రీ అడ్రస్ ప్రూఫ్ గారి దివ్య సముఖానికి,

విశాఖపట్నం, అక్కయ్యపాలెంలో ఒక పోర్షన్‌లో అద్దెకుంటున్న సాధారణ మానవుడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీ కుశలానికి లోటేమీ ఉండదు లెండి, చెప్పుకోవాల్సింది నా సంగతే.

నాకు లండన్‌లో ఉద్యోగం వచ్చింది. ఇచ్చినవాళ్ళు నా చదువు చూశారు, పని చూశారు, గంటలకొద్దీ ప్రశ్నలడిగారు, జీతం కూడా ఖాయం చేశారు. అంతా అయ్యాక, వాళ్ళ తరఫున వివరాలు సరిచూసేవాళ్ళు రంగంలోకి దిగి, గత అయిదేళ్ళలో మీరు ఏ ఏ ఇళ్ళలో ఉన్నారో రాసి, ప్రతి ఇంటికీ ఒక కాగితం జతచేయండి అన్నారు. అప్పుడు తెలిసింది, ఇన్నేళ్ళూ నేను విశాఖలో తిన్నాను, పడుకున్నాను, బీచ్ రోడ్డులో మురీ మిక్స్చర్ కూడా తిన్నాను గానీ, మీ లెక్కలో మాత్రం ఎక్కడా లేనని.

నా పరిస్థితి చూడండి. ఆధార్‌లో చోడవరంలోని తాతగారి ఇల్లు. పాస్‌పోర్టులో నాన్న రిటైరవకముందు ఉన్న గాజువాక క్వార్టర్. బ్యాంకులో మద్దిలపాలెం బ్యాచిలర్ రూము. పెళ్ళయి మా ఆవిడతో నేను నిజంగా కాపురం చేస్తున్న అక్కయ్యపాలెం ఇల్లు మాత్రం ఏ కాగితంలోనూ లేదు. కరెంటు బిల్లు నెలనెలా నేనే కడతాను, కానీ దాని మీద పేరు మా ఓనర్ గారి నాన్నగారిది. ఆయన కాలం చేసి చాలా కాలమైంది. అయినా మీ దృష్టిలో ఆ ఇంట్లో ఉంటున్నది ఆయనే, నేను కాదు. పేరు మార్పించండి సార్ అని ఓనర్ గారిని అడిగితే, "ఎందుకు బాబూ, బిల్లు ఠంచనుగా వస్తోందిగా" అన్నారు.

అద్దె అగ్రిమెంటు ఉంది కదా అంటారు. ఉంది, పదకొండు నెలలది. ఏడాది దాటిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అంటోంది కాబట్టి, దేశంలో అద్దె కాపురాలన్నీ పన్నెండు నెలలకి ఒక నెల ముందు ఆగిపోయి, మళ్ళీ మర్నాడు కొత్తగా మొదలవుతుంటాయి. మా కాపురం మొదటి పదకొండు నెలల తర్వాత మళ్ళీ మొదలైనట్టు కాగితమే లేదు. ఓనర్ గారు, నేను ఒకరినొకరం నమ్ముకున్నాం. మీకు నచ్చని పని అదే అనుకుంటా.

నాన్న దగ్గరికి వెళ్తే బీరువా తీశారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి కిటికీలు ఎగిరిపోయిన రోజు నుంచీ మా ఇంట్లో కాగితాలన్నీ రెండేసి ప్లాస్టిక్ కవర్లలో ఉంటాయి. టెన్త్ మార్కుల మెమో, పోలియో చుక్కల కార్డు, అమ్మమ్మ రేషన్ కార్డు, ఎప్పుడో అమ్మేసిన స్కూటర్ ఆర్సీ, అన్నీ ఉన్నాయి. మీరు తప్ప.

అసలు విశాఖలో అడ్రస్ అనేదాన్ని ఎవరైనా వాడతారా అని నా అనుమానం. మా డోరు నంబరు గీతలు గీతలుగా అంకెలతో సాగి, చివర బై వన్ ఏ అని ఉంటుంది. దాన్ని చదివి సరిగ్గా మా గుమ్మం ముందుకొచ్చిన కొరియర్ అబ్బాయిని నేనింతవరకు చూడలేదు. "అన్నా, ఎక్కడన్నా?" అని ఫోన్ చేస్తాడు. వాటర్ ట్యాంకు, దాని ఎదురు సందు, ఇస్త్రీ బండి, పక్కన నీలం గేటు. వచ్చేస్తాడు. ఇస్త్రీ బండి ఆయన సొంతూరు వెళ్ళిన రోజుల్లో మాత్రం మాకు పార్సిళ్ళు అందవు.

సరే, ఇక్కడంటే ఇంతే, అక్కడైనా మన కష్టాలు తీరతాయేమో అనుకున్నాను. బ్రిటన్‌లో ఒక్కో పోస్ట్‌కోడ్ కింద సగటున సుమారు 15 ఇళ్ళే ఉంటాయట. కోడ్ కొడితే వీధి, దాదాపు ఇల్లు కూడా తెలిసిపోతుంది. ఇస్త్రీ బండి అవసరం లేదు. తీరా చూస్తే మీ అసలు సింహాసనం అక్కడే ఉంది! ఆ దేశంలో మన ఆధార్ లాంటిది లేదు. 2006లో గుర్తింపు కార్డుల చట్టం తెచ్చి, 2010లో దాన్ని రద్దు చేసుకున్నారు. కార్డు వద్దన్నారు కాబట్టి గ్యాస్ బిల్లే మనిషికి సాక్ష్యం. అదే ఆ మహానగరంలో స్వేచ్ఛ.

ఇల్లు అద్దెకి కావాలంటే అక్కడి బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించు. బ్యాంకు ఖాతా కావాలంటే ఇంటి అడ్రస్ చూపించు. ఫోన్ యాప్‌తోనే తెరిచే బ్యాంకులు కొన్ని మిమ్మల్ని అంతగా పట్టించుకోవని విన్నాను, కానీ కార్డు పోస్టులో వస్తుంది, ఆ పోస్టు రావడానికి ఒక గుమ్మం ఉండాలి. ఇంటి ఓనరేమో నాకు దేశంలో ఉండే హక్కు ఉందో లేదో ముందు చూసుకోవాలి, ఇంగ్లండ్‌లో అది చట్టం. దానికోసం షేర్ కోడ్ అని, ఆ హక్కుని ఆన్‌లైన్‌లో చూసుకునే కోడ్ ఒకటి తీసి ఇవ్వాలి, అది 90 రోజులే పనిచేస్తుంది. క్రెడిట్ హిస్టరీ కూడా చూస్తారట. ఇక్కడ బండి లోను ఒక్క వాయిదా తప్పకుండా కట్టిన చరిత్ర నాది, విమానం దిగగానే ఆ చరిత్రంతా తుడిచిపెట్టుకుపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం మీరు ఎక్కడా అడ్డు రాలేదు. వీసాతో పాటు హెల్త్ సర్‌చార్జ్, అంటే అక్కడి ప్రభుత్వ వైద్యానికి ముందే కట్టే రుసుము, మనిషికి ఏడాదికి 1,035 పౌండ్లు, మా ఇద్దరికీ మూడేళ్ళకి 6,210. ఆ డబ్బు తీసుకోవడానికి కరెంటు బిల్లు అడగలేదు, అది ఎవరి నాన్నగారి పేరు మీద ఉందని కూడా అడగలేదు.

మీకు తెలుసో లేదో, అదే లండన్‌లో మీకు తలవంచని చోటు ఒకటుంది. జీపీ, అంటే మన వీధి డాక్టరు లాంటాయన దగ్గర పేరు నమోదు చేసుకోవడానికి అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదని వాళ్ళ ప్రభుత్వ వైద్య సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ స్వయంగా రాసిపెట్టింది. జ్వరమొచ్చినవాణ్ణి మనిషిగానే చూస్తారన్నమాట. ఆ ముక్క చదివిన రోజున సంతోషం పట్టలేక మా ఆవిడకి చదివి వినిపిస్తే, "అయితే ఇల్లు దొరికేదాకా అక్కడే పడుకుందామా" అంది.

ఇంకో వింత. కామన్వెల్త్ దేశం వాళ్ళం కాబట్టి, అక్కడ నివాసమున్న మనలాంటివాళ్ళు ఓటరుగా చేరవచ్చు. చేరితే క్రెడిట్ చూసేవాళ్ళకి మన మీద కాస్త నమ్మకం కలుగుతుందట. అంటే ప్రధానమంత్రి ఎవరో తేల్చే పనిలో నాకు భాగం ఇస్తారు, ఒంటి గది ఫ్లాట్ అద్దెకివ్వడానికి మాత్రం ఆలోచిస్తారు. ఓటరు జాబితాలో చేరడానికీ ఒక అడ్రస్ రాయాలనుకోండి, మళ్ళీ మీ దగ్గరికే.

కాబట్టి నా ప్లాన్ చెబుతాను, తప్పులుంటే దిద్దండి. మొదటి నెల కంపెనీ ఇచ్చే గదిలో ఉంటాం. ఆ గది మీద మాకు ఏ కాగితమూ ఇవ్వమని ముందే చెప్పేశారు. ఈలోగా ఎవరైనా దయగల ఓనరు దొరికితే అయిదు వారాల అద్దె అడ్వాన్సుగా ఇస్తాం. అక్కడి చట్టం మా స్థాయి ఇళ్ళకి డిపాజిట్ అంతకుమించి తీసుకోవద్దంటుంది, అది మాత్రం మెచ్చుకోవాలి. ఆ తర్వాత కౌన్సిల్ టాక్స్, అంటే అక్కడి మున్సిపాలిటీ ఇంటి పన్ను, బిల్లు కోసం కూర్చుంటాం. ఇల్లు వాళ్ళది, పన్ను మాది, అయినా ఎంత వేసినా ఫరవాలేదు, నా పేరు స్పెల్లింగ్ తప్పు లేకుండా పడితే చాలు. పన్ను నోటీసు కోసం గుమ్మంలో ఎదురుచూసేవాణ్ణి విశాఖ ఇంతవరకు కని ఉండదు.

ఇట్లు,
చోడవరం, గాజువాక, మద్దిలపాలెం వాస్తవ్యుడు (అక్కయ్యపాలెంలో ఉంటూ)

తా.క.: గాజువాక బాబాయి ఇప్పుడే ఫోన్ చేశాడు. వాళ్ళబ్బాయి కూడా సెప్టెంబరులో చదువుకి అక్కడికే వస్తున్నాడట. "మీ ఇంటి అడ్రస్ ప్రూఫ్ ఒకటి పంపరా, వాడికి అవసరముంటాది" అన్నాడు.