అయ్యగారు చెయ్యి పెట్టింది ప్రార్థనకే, ఓటుకు కాదు

2024 మే 5, ఆదివారం. పోలింగుకు ఇంకా ఎనిమిది రోజులుంది. జమ్మలమడుగు దగ్గర మా ఊరి చర్చిలో ఆరాధన మొదలై ముప్పావు గంటయింది. కడప ఎండ సంగతి తెలిసిందే, పొద్దున తొమ్మిదికే రేకుల కింద కూర్చోలేం. నేల మీద పరిచిన బండలు కాస్త చల్లగా ఉంటాయని ముసలివాళ్లు బెంచీలు వదిలి గోడ వారన కిందే కూర్చుంటారు. అయ్యగారు వాక్యం చెబుతుండగా బయట కార్లు ఆగాయి. ఒకటి కాదు, ఆరేడు. కండువాలు వేసుకున్న మనుషులు చెప్పులతోనే లోపలికి వచ్చారు. మేము చెప్పులు మెట్ల దగ్గర విడిచి వస్తాం.

అయ్యగారు వాక్యం ఆపేశారు. వెనక గదిలోంచి కుర్చీలు వచ్చాయి, ఒక కుర్చీ మీద కొత్త టవలు కూడా పరిచారు. ముందు బెంచీలో కూర్చున్న నలుగురు ఎవరూ చెప్పకముందే లేచి వెనక్కి వెళ్లారు. అందులో ఒకాయన బేల్దారి. ఆ చర్చి గోడ కట్టినవాళ్లలో ఆయనా ఒకడు. అభ్యర్థి వచ్చి, మోకాళ్లూని తల వంచారు. ఆయన భక్తిని నేను శంకించను, అది ఆయనకూ దేవునికీ మధ్య విషయం. అయ్యగారు ఆయన తల మీద చెయ్యి పెట్టి, ఈ దాసుణ్ణి విజయపథంలో నడిపించు ప్రభువా అని ప్రార్థించారు. సంఘమంతా ఆమేన్ అంది. నేనూ అన్నాను. పది నిమిషాల్లో కార్లు వెళ్లిపోయాయి.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటూ ఒక అవ్వ నన్ను పట్టుకుంది. "నాయనా, అయ్యగారు ఆయన నెత్తిన చెయ్యి పెట్టినాడు గదా. ఇంగ వేరే గుర్తు మీద నొక్కితే దేవునికి కోపమొస్తాదేమో?"

ఆమె ఊరికే అడగలేదు, నిజంగా భయపడుతోంది. ఆమె ఎప్పటినుంచో ఓటేసే గుర్తు వేరే. ఇప్పుడు ఆ గుర్తుకు వేస్తే తప్పవుతుందేమోనని టెన్షన్. "దానికీ దీనికీ సంబంధం లేదవ్వా" అని చెప్పాను. ఆమెకు నమ్మకం కలిగినట్టు నాకు అనిపించలేదు.

ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చి ప్రజాప్రాతినిధ్య చట్టం తీసి చూశాను. 1951 నాటి చట్టం. మతం పేరుతో ఓట్లు అడగకూడదని 123వ సెక్షన్ మూడో క్లాజు చెబుతుందని చాలామందికి తెలుసు. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతాన్ని చూపించి అడిగినా తప్పేనని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4–3 మెజారిటీతో తీర్పు చెప్పింది. నేను ఆగిపోయింది అంతకు ముందున్న రెండో క్లాజు దగ్గర. ఫలానావాళ్లకు ఓటు వేయకపోతే దైవాగ్రహానికి గురవుతావని ఓటరును నమ్మించే ప్రయత్నం చేయడం కూడా అవినీతి చర్యే అని అక్కడుంది. అభ్యర్థిగానీ, ఆయన సమ్మతితో ఇంకెవరైనాగానీ ఆ పని చేసినట్టు కోర్టులో రుజువైతే గెలిచిన ఎన్నిక రద్దు కావచ్చు. మా అవ్వ మెట్ల మీద అడిగిన మాటను ఆ చట్టం రాసినవాళ్లు డెబ్బై ఏళ్ల కిందటే విన్నట్టుగా ఉంది.

మా అయ్యగారు ఎవరినీ బెదిరించలేదు. ఆయన నెమ్మదస్తుడు. చర్చీలను, మసీదులను, గుళ్లను ప్రచార వేదికలు చేయకూడదని ఎన్నికల ప్రవర్తనా నియమావళి చెబుతుంది గానీ, ఆయన అడిగితే "నేను ప్రచారం చేయలేదే, ప్రార్థన చేశాను" అంటారు. అధికారుల కోసం ప్రార్థించమని బైబిల్లో పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక (లేఖ) రెండో అధ్యాయం చూపిస్తారు. ఆ వాక్యం ఉన్నమాట నిజమే. కానీ అందులో రాజుల కోసం, అధికారులందరి కోసం అని ఉంది. ఆ నియోజకవర్గంలో ఎంతమంది నిలబడితే అంతమంది పేర్లు కాగితం మీద రాసుకుని, వాళ్లెవరూ ఎదుట లేనప్పుడు ప్రార్థిస్తే అది పౌలు చెప్పిన ప్రార్థన అవుతుంది. ఒక్కరిని మోకాళ్ల మీద కూర్చోబెట్టి, ఓటర్లు చూస్తుండగా, ఫోన్లలో వీడియో తీస్తుండగా చేసేది ప్రార్థనగానే మొదలై ఉండొచ్చు. సాయంత్రానికి ఆ వీడియో ఊళ్లో అందరి వాట్సాప్‌లో ఉంది, ఒక పార్టీ పాట కలిపి.

ఆ ముందు బెంచీ సంగతి కూడా చెప్పాలి. మన జిల్లాల్లో మిషనరీలు పనిచేసి రెండు వందల ఏళ్లయింది. కడప, జమ్మలమడుగు, గుత్తి వైపు లండన్ మిషన్, నంద్యాల వైపు ఆంగ్లికన్లు, కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు. ఆ సంఘాల్లోకి గుంపులుగా వచ్చినవాళ్లు ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లే. రెడ్డిగారి అరుగు ఎక్కడానికి వీల్లేని మా తాత, చర్చిలో బెంచీ మీద వెనక్కి ఆనుకుని కూర్చునేవాడట. మా నాయన ఆ మాట చెప్పినప్పుడల్లా గొంతు మారేది. మావాళ్లకు సువార్త మొదట అందింది ఆ బెంచీ రూపంలోనే అని నా నమ్మకం. బంగారు ఉంగరం పెట్టుకుని మంచి బట్టలతో వచ్చినవాణ్ణి మంచి చోట కూర్చోబెట్టి, మాసిన బట్టలవాణ్ణి నువ్వు అక్కడ నిలబడు అనకండని యాకోబు తన పత్రిక రెండో అధ్యాయంలో సూటిగా రాశాడు. మేము ఆ బేల్దారిని నిలబడమని కూడా అనలేదు. ఆయనే లేచాడు. మూడు తరాల తర్వాత కూడా ఆ అలవాటు అలాగే ఉంది. ఆ రోజు నన్ను అన్నిటికంటే బాధపెట్టింది అదే.

"మనవాడు కదా" అని కొందరు వాదిస్తారు. కడప జిల్లాలో ఉండి ఆ వాదన చేయడం కష్టం. 2024లో అన్న జగన్మోహన్ రెడ్డి ఒక పార్టీకి అధ్యక్షుడు, చెల్లెలు షర్మిల ఇంకో పార్టీకి రాష్ట్ర అధ్యక్షురాలు. అన్న పులివెందులలో పోటీ చేసి గెలిచారు. చెల్లెలు కడప పార్లమెంటుకు నిలబడి, అన్న పార్టీ అభ్యర్థి చేతిలో ఓడిపోయారు. ఇద్దరూ ఒకే క్రైస్తవ కుటుంబం. అప్పుడు "మనవాళ్లకు వేయండి" అంటే ఏ బటన్ నొక్కాలి? విశ్వాసం మనకు చాలా నేర్పుతుంది గానీ గుర్తు పేరు చెప్పదు.

ఇంకోటి, "మనవాడు" అనే మాట బైబిల్లో ఎన్నికలాంటి ఒక సందర్భంలో వస్తుంది. న్యాయాధిపతులు తొమ్మిదో అధ్యాయం. గిద్యోను కొడుకు అబీమెలెకు షెకెముకు వెళ్లి, నేను మీ రక్తసంబంధిని అని గుర్తు చేస్తాడు. అతడు మన సహోదరుడు అని వాళ్లు అటు మొగ్గుతారు. గుడి సొమ్ములోంచి డెబ్బై తులాల వెండి తీసి ఇస్తారు. ఆ డబ్బుతో అతడు పనీపాటా లేని అల్లరి మూకను కూలికి పెట్టుకుని, తన సొంత అన్నదమ్ములు డెబ్బైమందిని ఒకే రాతి మీద చంపిస్తాడు. తప్పించుకున్న చిన్నవాడు యోతాము కొండెక్కి ఒక కథ చెబుతాడు. చెట్లు రాజును వెతుక్కుంటాయి. ఒలీవ చెట్టు నా నూనె వదిలి రానంటుంది, అంజూరం నా పండు వదిలి రానంటుంది, ద్రాక్ష నా రసం వదిలి రానంటుంది. చివరికి ముళ్లపొద ఒప్పుకుని, వచ్చి నా నీడలో ఉండండి అంటుంది. రాయలసీమవాళ్లకు ఈ కథకు వ్యాఖ్యానం అక్కర్లేదు. మా చెరువు కట్టల నిండా పెరిగిన సర్కారు తుమ్మ కింద మేక కూడా మధ్యాహ్నం పడుకోదు. మావాడు అనడం, దేవుని సొమ్ము, కూలి మనుషులు, ఒకే రాతి మీద నెత్తురు. ఫ్యాక్షన్ చూసిన ఊళ్లలో ఈ అధ్యాయం మీద ప్రసంగాలు ఎందుకు వినబడవో నాకు అర్థం కాదు. మూడేళ్ల తర్వాత ఆ షెకెమునే అబీమెలెకు నాశనం చేశాడు. గోపురంలో దాక్కున్న సుమారు వెయ్యిమంది ఆడా మగా కాలిపోయారు.

"మా సంఘం ఓట్లు మూడు వందలు" అని లెక్క చెప్పే పెద్దలు ప్రతి మండలంలో ఉన్నారు. వాళ్లంతా చెడ్డవాళ్లు కారు. ఈ లెక్క ఎలా పుడుతుందో చూడండి. ఒక మనిషి ఓటు రహస్యమే. వీవీప్యాట్‌లో చీటీ ఏడు సెకన్లు కనిపించి కింద పడిపోతుంది, దాన్ని చూసేది ఓటరు ఒక్కడే. కానీ ఫారం 20 అనే ఫలితాల పత్రంలో బూత్ వారీగా ఎవరికెన్ని పడ్డాయో లెక్కింపు తర్వాత బయటికి వస్తుంది. ఎస్సీ కాలనీకి వేరే బూత్ ఉన్నచోట, ఆ కాలనీ మొత్తంగా ఎటు వేసిందో గెలిచినవాళ్లకూ ఓడినవాళ్లకూ తెలిసిపోతుంది. ఆ తర్వాత మోటారు రిపేరుకు ఎన్ని రోజులు పడుతుందో, రేషన్ ఏ పొద్దుకు వస్తుందో ఆ కాగితాన్ని బట్టి ఉంటుందని జనం అనుకుంటారు. అనుకోవడానికి కారణాలూ ఉన్నాయి. అందుకే సంఘ పెద్ద ముందే వెళ్లి బేరం మాట్లాడుకుంటాడు. ప్రహరీ గోడ, స్లాబు, మైకు సెట్టు. గోడ వస్తుంది. దానికి బదులు ఇచ్చింది మూడు వందలమంది ఇష్టాన్ని. వాళ్లలో ఒక్కరినీ అడగలేదు.

ఇంతకంటే పెద్ద విషయాల దగ్గర ఈ బేరం ఎందుకూ పనికిరాదు. దళిత క్రైస్తవుల ఎస్సీ హోదా చూడండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులకే ఆ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు బయటే ఉన్నారు, మన రాష్ట్రంలో వెనకబడిన తరగతుల్లోని బీసీ–సీ గ్రూపు కింద ఒక్క శాతం రిజర్వేషన్‌తో. ఆ హోదా ఇవ్వాలని అసెంబ్లీ 2009లో తీర్మానం చేసింది, 2023లో మళ్లీ చేసింది. తీర్మానం మంచిదే. కానీ ఆ జాబితా మార్చగలిగింది పార్లమెంటు ఒక్కటే, 341వ అధికరణం అలా ఉంది. 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. ఎమ్మెల్యేగా నిలబడినాయన చర్చి మైకు పట్టుకుని "మీకు ఎస్సీ హోదా తెప్పిస్తా" అంటే, ఎలా, ఎవరితో ఓటు వేయించి అని అడగాలి. అడగడానికి మనం లేచి నిలబడాలి కదా, మనం లేచింది కుర్చీ ఇవ్వడానికి.

ఈ హోదా సమస్య మా నోళ్లు ఎలా కట్టేసిందో కూడా చెప్పాలి. మా ఉమ్మడి కడప జిల్లాలో బద్వేలు, రైల్వే కోడూరు ఎస్సీ రిజర్వుడు సీట్లు. క్రైస్తవుణ్ణి అని కాగితం మీద ఒప్పుకున్న దళితుడు అక్కడ పోటీకి దిగలేడు. అందుకని ఎన్నికలొస్తే విశ్వాసం గుసగుసల్లోకి పోతుంది. పగలు మాట్లాడలేని సమాజం తరఫున రాత్రి ఒకరిద్దరు బేరం మాట్లాడతారు.

పోలింగు ముందు రోజు రాత్రి జరిగేది అందరికీ తెలుసు. కవరు చేతిలో పెట్టి, పటం మీద చెయ్యి వేయించుకుంటారు. మా ఇళ్లలో బైబిలు మీద వేయించుకుంటారు. తీసుకున్నాం కదా, మాట తప్పితే పాపం కదా అని పేదవాళ్లు నలిగిపోతారు. డబ్బు ఇచ్చినవాడికి ఆ బాధ లేదు, చూశారా? బైబిల్లో హేరోదు రాజు పుట్టినరోజు విందులో ప్రమాణం చేసి, ఆ ప్రమాణం నిలబెట్టుకోవడానికి బాప్తిస్మమిచ్చు యోహాను తల నరికించాడు. తప్పుడు ప్రమాణాన్ని నిలబెట్టుకోవడం హేరోదుకు పుణ్యం తేలేదు. అసలు ఒట్టు పెట్టుకోవద్దని యేసు కొండమీద చెప్పాడు. ఈ రెండు మాటలూ పోలింగుకు ముందు ఆదివారం పుల్పిట్ మీద నుంచి చెబితే ఏ కోడూ అడ్డు రాదు. ఏ పార్టీ పేరూ తీయక్కర్లేదు.

మా అయ్యగారితో ఈ మాటలన్నీ చెప్పాను. ఆయన విని, "మీరు చెప్పేది వాక్యమే, కానీ సమాధుల తోటకు స్థలం కావాలంటే నేను ఎవరి దగ్గరికి పోవాలి?" అని అడిగారు. ఆ ప్రశ్నను నేను తీసిపారేయలేను. మా ఊళ్లో సమాధుల తోట నిండిపోయి, పోయిన ఏడాది ఒక పసిబిడ్డను అవ్వ సమాధి పక్కనే ఇరికించి పాతిపెట్టాం. స్థలం అడగాలి. నా వాదన ఒక్కటే, పగలు అడుగుదాం. సంఘం పేరుతో అర్జీ రాసి, చదవగలిగినవాళ్లందరూ చదివి సంతకాలు పెట్టి, పోటీలో ఉన్న అందరికీ అదే కాగితం ఇద్దాం. గెలిచినాయనకు మళ్లీ ఇద్దాం. గ్రామసభలో లేచి చదువుదాం. జమ్మలమడుగులో మిషనరీలు పెట్టిన క్యాంప్‌బెల్ ఆస్పత్రి ఏ పార్టీ మెహర్బానీతోనూ పుట్టలేదు. దానికి అన్ని కులాలవాళ్లూ వచ్చారు. ఊరు మనల్ని గౌరవించింది అలాంటి పనుల వల్లే, ఓట్ల లెక్క వల్ల కాదు.

మొన్న పాస్టరేట్ కమిటీలో మినిట్స్ పుస్తకంలో ఒక తీర్మానం రాశాం. నామినేషన్ల రోజు నుంచి లెక్కింపు అయ్యేదాకా ఏ అభ్యర్థికీ వేదిక మీద చోటు, మైకు, శాలువా ఉండవు. ఎవరైనా రావచ్చు, ఖాళీ ఉన్నచోట కూర్చోవచ్చు, చెప్పులు మెట్ల దగ్గర విడవాలి. పంచాయతీ ఎన్నికల నుంచే అమలు. ఏడుగురు సభ్యుల్లో ఐదుగురు సంతకం పెట్టారు. బేల్దారి మొదట పెట్టాడు. మిగతా ఇద్దరూ ఆలోచించి చెబుతామన్నారు. వాళ్లలో ఒకాయన మా చిన్నాయన కొడుకే, ఈ ఆదివారం ఆరాధన తర్వాత ఇంటికి వెళ్లి మళ్లీ మాట్లాడతాను.