మా గోడలో గంజాయి

విశాఖ మధురవాడలో మాది పై అంతస్తు ఫ్లాటు. మే నెల మధ్యాహ్నం మూడింటికి పడమటి గోడకి వీపు ఆనించామా, పెనం మీద అట్టు గతే. రాత్రి పదకొండు దాకా ఏసీ ఆ గోడతో కుస్తీ పడుతుంది, బిల్లు నేను కడతాను.

ఏదో ఒకటి చేద్దామని నెట్‌లో వెతికితే హెంప్‌క్రీట్ అని ఒకటి దొరికింది. 1980ల చివర్లో ఫ్రాన్స్‌లో మొదలైందట. హెంప్ కాడకి నార వలిచేశాక మిగిలే బెండుని ముక్కలు చేసి, సున్నం, నీళ్లు పోసి కలిపి గోడకి పట్టిస్తారు. బెండు నిండా గాలి కాబట్టి వేడి ఓ పట్టాన లోపలికి రాదు, తేమ పీల్చుకుని మళ్లీ వదిలేస్తుంది (మన సముద్రపు గాలికి అదొక్కటి చాలు అనుకున్నాను), బరువు మాత్రం మోయదు, దానికి స్తంభాలు వేరే ఉండాల్సిందే.

తంటా అంతా పేరుతో వచ్చింది. హెంప్ అంటే జనుము కాదు, గోగు కాదు, అచ్చంగా గంజాయి జాతి మొక్కే. మత్తు పదార్థం 0.3 శాతం కూడా ఉండని రకం, ఉత్తరాఖండ్‌లో 2018 నుంచి లైసెన్సులిచ్చి పండించనిస్తున్నారు. ఇదంతా మా అమ్మకి ఫోన్లో చెప్పాను. ఆవిడకి చెవుడు, మా ఇంట్లో సిగ్నల్ ఉండదు, దాంతో వరండాలో నిలబడి అరిచాను. "గంజాయేనమ్మా! శాంపిల్ రేపొస్తుంది! బాగుంటే గోడంతా పెట్టిస్తాను!"

ఏజెన్సీ నుంచి దిగే సరుకు గురించి పేపర్లో చదివీ చదివీ ఉన్న ఊరు మరి. ఎదురు ఫ్లాటు మాష్టారు నన్ను చూస్తే లిఫ్టు మానేసి మెట్లెక్కుతున్నారు. వాచ్‌మన్ మాత్రం లేచి నిలబడి దండం పెట్టడం మొదలెట్టాడు.

శాంపిల్ ఇటుక నేను ఆఫీసులో ఉండగా వచ్చింది, అతని దగ్గరే పెట్టించాను. సాయంత్రం చూద్దును కదా, ఓ మూల విరిగి ఉంది, విరిగినచోట మసి.

"బాబూ, తమరేటీ అనుకోకపోతే ఒక మాట," అన్నాడు గొంతు తగ్గించి. "మిమ్మల్నెవడో మోసం చేసినాడు. అగ్గిపెట్టి మొత్తం అయిపోనాది గానీ, ముక్క అంటుకోనేదు."

సున్నం పట్టింది కాబట్టే అది ఓ పట్టాన మండదు, గోడకి అదే దాని గొప్ప అని చెప్పబోయి అతని మొహం చూసి ఆగిపోయాను. మూతి నిండా సున్నం, ఆకూ వక్కా తక్కువ.