అందరూ తలుపే చూపిస్తారు

గడ్డి కోసే రోబోకు గ్యారేజీ కట్టాను. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, దానంతటదే తెరుచుకుని మూసుకునే తలుపు. మా వీధిలో ఈ కబురు పాకి పది రోజులైంది. "ఏమప్పా, గృహప్రవేశం ఎప్పుడు?" అని అడగనివాళ్లు లేరు. పాలు పొంగిస్తారేమో, ఓ లీటరు ఎక్కువ వేయమంటారా అని పాలాయన కూడా అడిగిపోయాడు.

నవ్వుకోండి, నాకేం బాధ లేదు. నా మంటంతా ఇలాంటి గ్యారేజీలు కట్టి వీడియోలు పెట్టేవాళ్ల మీద. అవి ఓ ముప్పై దాకా చూసుంటాను. మిషన్ వస్తుంది, నీలం లైటు వెలుగుతుంది, తలుపు మెల్లగా పైకి లేస్తుంది, వెనక సంగీతం. పైకప్పు గురించి మాత్రం ఒక్కడంటే ఒక్కడు నోరు విప్పడు. వాళ్లకు ఆ అవసరం లేదు లెండి, వాళ్ల ఊళ్లలో ఏప్రిల్‌లో కూడా స్వెట్టర్ వేసుకుంటారు. మాది అనంతపురం.

"ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే ఊళ్లో నీకు లాన్ కావాల్సి వచ్చిందా?" అని ఎలాగూ అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. అది గరిక. ఇంటి ముందు మూడున్నర సెంట్ల జాగాలో నాన్న నాటిన గరిక. వంటింటి నీళ్లు, ఆర్‌ఓ మిషన్ వదిలేసే నీళ్లు తప్ప దానికి బోరు నీళ్లు ఒక్క బిందె పోయం. ఎండాకాలం పసుపెక్కి పడుకుంటుంది, రెండు వానలు పడితే లేస్తుంది. వినాయక చవితికి వీధిలో సగం ఇళ్లకు గరిక పోయేది మా ఇంటి నుంచే.

రోబో నేను కొన్నది కాదు. జర్మనీలో ఉండే మా బావ పెద్దది కొనుక్కుని, పాతది నాకిచ్చాడు. మిషన్ లగేజీలో, బ్యాటరీ విడదీసి హ్యాండ్‌బ్యాగులో. ఎనిమిది కిలోలుంటుంది. అక్కడా 230 వోల్టులే కాబట్టి ప్లగ్గు మార్చి పెడితే సరిపోయింది. నాకు ఇన్వర్టర్లు, బ్యాటరీల షాపుంది, ఆ పని ఐదు నిమిషాలు.

దీని తీరు తెలియనివాళ్లకు: జాగా అంచు చుట్టూ సన్నటి వైరు పాతాలి. అందులో చిన్న సిగ్నల్ తిరుగుతూ ఉంటుంది. మిషన్ ఆ గీత దాటదు. ఛార్జింగ్ తగ్గితే ఆ వైరునే పట్టుకుని, పశువు దొడ్డికి వచ్చినట్టు, ఛార్జింగ్ ఎక్కించే డాక్ దగ్గరికి వచ్చేస్తుంది. అడుగున గిర్రున తిరిగే పళ్లేనికి షేవింగ్ బ్లేడంత రేకులు మూడు ఉంటాయి. రోజూ కొసలు మాత్రమే కోస్తుంది, తుంపులు వేళ్లలోనే పడి ఎరువైపోతాయి. కొత్త సరుకేం కాదు. స్వీడన్ వాళ్ల హస్క్‌వర్నా కంపెనీ 1995లోనే అమ్మకానికి పెట్టింది, అదీ సోలార్ మీద నడిచేది. మా ఎండ చూసుంటే ఆ ఇంజనీర్లు ఆనందంతో ఏడ్చేవాళ్లు.

అయితే దాని డాక్ బయట నేల మీదే ఉండాలి. కంపెనీవాళ్లు వాన తట్టుకుంటుందనే చెప్తారు. మా దగ్గర వాన సంగతి తర్వాత, ముందు ఎర్ర దుమ్ము, పందికొక్కులు, వీధి పిల్లల బంతి. అందుకే గ్యారేజీ అనుకున్నాను. వీడియోలు చూసిన తల కదా, తలుపుతోనే మొదలుపెట్టాను.

మొదట చవగ్గా పోదామని కోల్డ్ స్టోరేజీ వాకిళ్లకు వేలాడే రబ్బరు పట్టీల్లాంటివి కట్టాను. అదే తోసుకుని లోపలికి పోతుందిలే అని. మిషన్ ముక్కుకు ఏదైనా తగిలితే అడ్డం వచ్చిందనుకుని వెనక్కి తిరగడం దాని గుణం. పట్టీ తగలడం, వెనక్కి రావడం, మళ్లీ పోవడం, మళ్లీ తగలడం. అరగంట చూశాను. అత్తారింటి గుమ్మంలో కొత్తల్లుడు కూడా అంత మొహమాటపడడు.

తర్వాత పాత స్పేర్ పార్టుల షాపులో కారు వైపర్ మోటారు తెచ్చి, తలుపుకు బిగించి, ముందు ఒక ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ పెట్టాను. ఏదైనా దగ్గరికొస్తే తలుపు తెరుచుకోవాలి. పిల్లి వచ్చినా తెరుచుకుంది. కాకి వాలినా తెరుచుకుంది. సాయంత్రం పడమటి ఎండ నేరుగా సెన్సర్ కంట్లో కొడితే పిచ్చెక్కినట్టు తెరుచుకుంటూ మూసుకుంటూ కూర్చుంది. ఒకరోజు మిషన్ సగం లోపల, సగం బయట ఉండగా తలుపు దాని నడుం మీద దిగింది. వైపర్ మోటారుకు ఎక్కడ ఆగాలో తెలియదు, నేను లిమిట్ స్విచ్ పెట్టలేదు, ఫ్యూజు కూడా వేయలేదు. షాపులో రోజూ కస్టమర్లకు ఫ్యూజు గురించి క్లాసు పీకేవాణ్ని నేనే. కాలిన వాసన వంటింట్లోకి వస్తే అమ్మ పోపు మాడిందనుకుంది.

దాంతో డబ్బు పెట్టి లీనియర్ యాక్చువేటర్ తెప్పించాను. పిస్టన్‌లా సాగి, ముడుచుకునే రాడ్డు. రెండు కొసల్లో ఎక్కడ ఆగాలో దాని లోపలే స్విచ్‌లుంటాయి. ప్లస్సు మైనస్సు తిప్పితే వెనక్కి వస్తుంది, ఆ తిప్పే పనికి రిలేలు అనే కరెంటు స్విచ్‌లు రెండు చాలు. ఇన్‌ఫ్రారెడ్ పీకేసి, మిషన్ పొట్ట కింద ఒక అయస్కాంతం అతికించి, గడప దగ్గర నేలలో రీడ్ స్విచ్, అంటే అయస్కాంతం దగ్గరికొస్తేనే పనిచేసే స్విచ్, పాతాను. కాకులకు అయస్కాంతాలు ఉండవు కాబట్టి ఆ గొడవ తీరింది.

ఇక మిగిలింది బయటికి వెళ్లేటప్పటి సంగతి. లోపలున్న మిషన్ తాను బయల్దేరబోతున్నట్టు తలుపుకు చెప్పదు. రెండూ వేర్వేరు తల్లుల పిల్లలు. డాక్‌కు పోయే కరెంటు కొలిచి పట్టుకుందామంటే, కరెంటు తగ్గినట్టు తెలిసేసరికే అది వెనక్కి నడవడం మొదలుపెట్టి తలుపుకు గుద్దుకుంటుంది. ఫోన్ యాప్‌తో ముడిపెడదామంటే, మా ఇంట్లో కరెంటు పోతే రౌటర్ పోతుంది, రౌటర్ పోతే తలుపు మూగనోము పడుతుంది. వారం రోజులు రాత్రి పన్నెండు దాకా తలుపును నడిపే ఈఎస్‌పీ32 అనే బుల్లి కంప్యూటర్ బోర్డు ముందు కూర్చుని కోడ్ రాశాను. ఒక రాత్రి మా ఆవిడ నీళ్ల చెంబు తీసుకుపోతూ ఆగి అడిగింది.

"షాపు షట్టర్ పొద్దున ఎత్తి, రాత్రి దించుతావు కదా. కస్టమర్ వచ్చినప్పుడల్లా ఎత్తి దించుతావా?"

అంతే సంగతి. మిషన్ పనిచేసేది పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా. ఆరింటికి ఐదు నిమిషాల ముందు తలుపు తెరుచుకోవాలి, తొమ్మిది దాటాక మిషన్ లోపలుంటే మూసుకోవాలి, లేకపోతే అలాగే తెరిచి ఉండాలి. గడప దగ్గరి రీడ్ స్విచ్ తవ్వి తీసి డాక్ కింద పెట్టాను, ఇప్పుడు దాని పనల్లా మిషన్ ఇంట్లో ఉందా లేదా చెప్పడమే. దానికి తోడు కరెంటు పోయినా టైము మరిచిపోని, కాయిన్ సెల్ ఉన్న చిన్న గడియారం చిప్. నేను రాసిన నాలుగు వందల లైన్ల కోడ్ నలభైకి వచ్చింది. షాపులోంచి ఒక 12 వోల్టుల పాత యూపీఎస్ బ్యాటరీ తెచ్చి కట్టేశాను, కరెంటు కోతతో సంబంధం లేదు. ఆ తర్వాత ఒక్కసారే మొరాయించింది: రిలే పెట్టెలో బల్లి దూరి, రెండు టెర్మినల్స్ మధ్య అడ్డంగా పడి పోయింది. పాపం, తోక ఒకదాని మీద, తల ఒకదాని మీద. పెట్టె కంతలన్నీ సిలికాన్‌తో పూడ్చాను.

ఇక్కడికి వీడియో అయిపోతుంది కదా. నాకు అసలు కథ ఇక్కడే మొదలైంది.

గ్యారేజీని వెల్డింగ్ షాపు భాయ్‌తో రేకుతో చేయించాను. నీలం రంగు, చూడ్డానికి బొమ్మలా ఉండేది. శివరాత్రికి రెడీ. ఉగాది దాటాక ఒక మధ్యాహ్నం చూస్తే డాక్ మీద ఎర్ర లైటు మిణుకుమంటోంది. ఛార్జింగ్ ఎక్కడం లేదు. అడాప్టర్ మార్చాను, కాంటాక్టులు గీకాను, బావకు వీడియో కాల్ చేశాను. బావ వెనక మంచు కురుస్తోంది. చివరికి ఫ్రిజ్‌లో పెట్టే వైరు థర్మామీటర్ తెచ్చి లోపల వేలాడదీశాను. బయట 40, లోపల 54.

లిథియం అయాన్ సెల్‌ను మామూలుగా 45 డిగ్రీలు దాటితే ఛార్జ్ చేయకూడదు, సెల్ పాడవుతుంది. అందుకే బ్యాటరీ లోపలి సర్క్యూట్ నాకొద్దు పొమ్మంటోంది. దాని తెలివి బాగానే ఉంది. బ్యాటరీలు అమ్ముకుని బతికేవాణ్ని, రేకు డబ్బా చేయించి అందులో బ్యాటరీ పెట్టింది నేను. ఎండలో నిలబెట్టిన కారులో పసిపిల్లను వదిలినట్టు. బయట వదిలేసినా దానికి వేపచెట్టు నీడైనా ఉండేది.

కంప్యూటర్ ఫ్యాన్ పెట్టాను, వేడి గాలి లోపలికి కొట్టింది. థర్మాకోల్ అతికించాను, మూడు నాలుగు డిగ్రీలు తగ్గింది, పదో రోజుకు చీమలు అందులో ఊరు కట్టుకున్నాయి.

ఇంతకుముందు మా గరిక కొడవలితో కోసే ఒక పెద్దాయన ఉన్నాడు, మేమంతా మామ అంటాం. మోకాళ్ల నొప్పితో ఆయన మానేశాకే ఈ మిషన్ వచ్చింది. మజ్జిగ తాగడానికి వచ్చి, నేను రేకు మీద తడి గోనెసంచి కప్పుతుంటే చూస్తూ నిలబడ్డాడు.

"ఏమప్పా, ఇరవై ఏండ్లు నీ గరిక కోసినా. నాకు ఒగ రోజన్నా గొడుగు పట్టల్యా నువ్వు."

నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే నిజం. ఆయన ఎండలో వంగి కోస్తుంటే నేను ఫ్యాను కింద కూర్చుని కాఫీ పంపించేవాణ్ని.

మజ్జిగ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, "రేకు కింద బతికేదేముందప్పా, చౌడు మిద్దె ఎయ్యి" అన్నాడు.

మా అవ్వ వాళ్ల ఊళ్లో ఇళ్లన్నీ అవే. తాడిపత్రి దగ్గర. దూలాల మీద కట్టెలో బండలో పరిచి, మట్టి దట్టంగా వేసి, పైన చౌడు. చౌడు అంటే పైరు రాని తెల్లటి ఉప్పు నేల మట్టి. తడిస్తే మెత్తగా విడిపోయి సందులన్నీ పూడ్చుకుంటుంది, నీళ్లు దిగవు, జారిపోతాయి. ఏటా వానలకు ముందు నాలుగు గంపలు కొత్తగా ఎక్కించేవాళ్లు. మే నెల మధ్యాహ్నం ఆ మిద్దె కింద చాప వేసుకుని పడుకున్న ఒళ్లు ఇది. ఫిజిక్స్ పుస్తకంలో థర్మల్ మాస్ అని, అంటే మందపాటి మట్టి, రాయి వేడిని మెల్లగా పీల్చుకుంటాయని, చదివి మార్కులు కూడా తెచ్చుకున్నాను. రేకు డబ్బాకు నీలం రంగు వేయించేటప్పుడు అదేదీ గుర్తు రాలేదు.

రేకు తీసేశాం. ఇటుక గోడలు, పడమటి వైపు మాత్రం రెండు వరసలు, మధ్యన బెత్తెడు ఖాళీ. పైన నాలుగడుగుల కడప బండ. ఎత్తడానికి నలుగురం పట్టాం. దాని మీద మూడంగుళాల మందం మట్టి, ఆపైన చౌడు. ఊరి బయట నుంచి రెండు గోనెసంచులు తెచ్చాం. మామ స్టూలు మీద కూర్చుని చేసింది చూడాలి. చౌడును నీళ్లతో కలిపి, అరచేతి మడమతో నొక్కుతూ, మధ్య నుంచి అంచుకు, అంచుకు వచ్చేసరికి వేళ్లు మార్చి చిన్న వాలు. తట్టడం, నీళ్లు చిలకరించడం, మళ్లీ తట్టడం. పగులు కనిపించిన చోట బొటనవేలు. రెండు గంటలు ఎవరితోనూ మాట్లాడలేదు. కూలీ ఇస్తే లెక్కపెట్టి, వంద వెనక్కి ఇచ్చాడు, చిన్న మిద్దె కదా అని. చూరు కింద గాలికి రెండు కంతలు పెట్టి, పురుగూ పుట్రా రాకుండా జాలీ బిగించాను. మేలో బయట 42 ఉన్నప్పుడు లోపల 37. ఎర్ర లైటు మళ్లీ వెలగలేదు.

ఎవరైనా కట్టుకోవాలనుకుంటే నాకు తెలిసిన ఇంకో రెండు ముక్కలు. వైరు లేకుండా శాటిలైట్ సిగ్నల్ మీద నడిచే కొత్త రకం మిషన్లకు ఆకాశం కనిపించాలి, ఇలాంటి బరువు కప్పు కింద అవి దారి తప్పుతాయి, మీ మిషన్ పుస్తకం చదువుకోండి. డాక్ ముందు వైరు కనీసం రెండు మీటర్లు తిన్నగా రావాలి, గుమ్మం దగ్గర మలుపు పెడితే గోడకు గీరుకుంటుంది. రాత్రిపూట నడపకండి. యూరప్‌లో ముళ్లపందులు దీని కింద పడి దెబ్బతింటున్నాయని గొడవ, మన దగ్గర వానలు పడ్డాక గరికంతా కప్పలే. పిల్లలు బయట ఉన్నప్పుడు అసలే వద్దు.

ఆషాఢం గాలి మొదలైంది. దుమ్ము లేస్తోంది, తలుపు పని తలుపు చేస్తోంది, ఆ మాటకొస్తే బాగానే చేస్తోంది. కానీ షట్టర్ సలహాలో ఒక లొసుగుంది. ఆరు నుంచి తొమ్మిది దాకా తలుపు బార్లా తెరిచి ఉంటుంది కదా, ఇంట్లో అన్నిటికన్నా చల్లటి చోటు అదేనని మా వీధి కుక్క కనిపెట్టింది. మొన్న పొద్దున మిషన్ తిరిగి వచ్చేసరికి అది డాక్ మీద చుట్ట చుట్టుకుని పడుకుని ఉంది. ఇంటికి వచ్చేటప్పుడు బ్లేడ్లు ఆగిపోతాయి కాబట్టి దెబ్బ తగలలేదు. మిషన్ ముక్కుతో ఒకసారి తాకింది, వెనక్కి వచ్చింది, మళ్లీ తాకింది. కుక్క ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ మూసుకుంది. మిషన్ కుయ్ కుయ్‌మంటూ గడప దగ్గరే నిలబడిపోయింది. నేను దాన్ని రెండు చేతులతో ఎత్తి, వేపచెట్టు కింద పెట్టి, షాపు తెరవడానికి పోయాను.