మహారాజశ్రీ ‘న్యూ ప్రాజెక్ట్’ బటన్ గారికి

కూకట్‌పల్లి నుంచి ఒక ఒంటరి గేమ్ డెవలపర్ నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేం క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు, రోజూ రాత్రి చూస్తూనే ఉన్నాను. ఏ గేమ్ ఇంజిన్ (గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్) తెరిచినా పైపీట మీదే. కింద పాత ప్రాజెక్టుల పేర్లు చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఒక్కోదాన్ని చివరిసారి ఎప్పుడు తెరిచామో కూడా రాసి ఉంటుంది. ‘నాలుగు నెలల క్రితం’, ‘ఏడాది క్రితం’, ‘మూడేళ్ళ క్రితం’. వాటి నెత్తిన మీరు, కొత్త రంగేసుకుని.

ఇక్కణ్ణుంచి నువ్వు అనే అంటాను, ఏమనుకోకు. రాత్రి రెండింటికి కలుసుకునేవాళ్ళ మధ్య గారూ గీరూ ఎందుకు?

నిన్ను నొక్కితే ఏమొస్తుందో బయటివాళ్ళకి తెలీదు. ఏమీ రాదు. ఒక కెమెరా, ఒక లైటు, మిగతాదంతా ఖాళీ ఆకాశం. కానీ ఆ ఖాళీలో బగ్గులుండవు, ఫ్రేమ్ రేట్ పడిపోదు, తలుపులోంచి మనిషి దూసుకుపోడు (తలుపూ లేదు, మనిషీ లేడు కాబట్టి). ఒక్క స్టార్ ఇచ్చి ‘వేస్ట్ గేమ్ బ్రో’ అని రాసేవాడూ ఉండడు. నేను చేసినవాటిలో ఇంతవరకూ ఒక్కసారి కూడా క్రాష్ కానిది నువ్విచ్చిన ఆ ఖాళీ సీనొక్కటే.

ఇక నా అసలు గేమ్ సంగతి. నీకు తెలుసు, అయినా నలుగురికీ తెలియాలి. అందులో మనం పల్లెవెలుగు బస్సు కండక్టర్. నరసాపురంలో బయల్దేరి పాలకొల్లు, వీరవాసరం మీదుగా భీమవరం వెళ్ళాలి. బస్సు కిక్కిరిసి ఉంటుంది. పన్నెండు రూపాయల టికెట్టుకి వంద నోటు తీస్తారు. చిల్లర లేదు. టికెట్ వెనకాల ‘88’ అని రాసిచ్చి ‘దిగేటప్పుడు తీసుకోండి’ అనాలి. దిగేటప్పుడు ఆ పెద్దాయన మర్చిపోతాడు. ఇప్పుడు విజిల్ వేసి బస్సాపి పిలిచి ఇస్తావా, లేక ఊరుకుంటావా? గేమ్ మొత్తం ఆ ఒక్క విజిల్ మీద నడుస్తుంది. ఆడి చూసినవాళ్ళందరికీ నచ్చింది. అక్కడికి తొంభై శాతం అయిపోయిందనుకున్నాను.

ఇల్లు అలకగానే పండుగ కాదు. మిగిలిన పది శాతంలో ఏముంటుందో వినేవాడెవడూ లేక నీకే చెబుతున్నాను. సేవ్ సిస్టమ్. సెటింగ్స్ మెనూ. మధ్యలో ఫోనొస్తే గేమ్ ఆగి, ఫోన్ పెట్టేశాక అక్కణ్ణుంచే మొదలవడం. చిన్న స్క్రీన్ మీద బటన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా చూడడం. బస్సు మలుపు తిరిగినప్పుడు ఫుట్‌బోర్డు మీదున్న కుర్రాడు గాల్లో తేలుతూ బస్సు వెనకాల రావడం (ఇది ఫీచర్ కాదు). ‘ఆహా, వాల్యూమ్ స్లయిడర్ ఎంత బాగా కదులుతోంది’ అని ఎవడూ గేమ్ కొనడు. కానీ అది కదలకపోతే మాత్రం రివ్యూలో మొదటి లైనే అది. సరిగ్గా ఆ స్లయిడర్ దగ్గర కూర్చున్నప్పుడే నువ్వు కనిపిస్తావు. ‘చాలా అలిసిపోయావు, చిన్నది ఒకటి చేసుకో, రెండ్రోజుల పని’ అంటావు. ఆ రెండ్రోజులు ఎప్పుడు అయ్యాయి గనక!

ఈలోపు లోకం ఆగలేదు. ముందు ఫోన్లో స్కాన్ చేసి డబ్బు కట్టడం వచ్చింది, చిల్లర బాధ సగం తీరింది. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలై ఆడవాళ్ళకి జీరో టికెట్ వచ్చింది. నా బస్సు ఆంధ్రాది కదా, నాకేం పర్లేదనుకున్నాను. 2025 ఆగస్టు 15న అక్కడా స్త్రీశక్తి పేరుతో అదే వచ్చింది, అందులోనూ పల్లెవెలుగు పేరు ముందే ఉంది. నా ప్యాసింజర్లలో సగం మందికి ఇప్పుడు చిల్లరే ఇవ్వక్కర్లేదు. ప్రభుత్వాలు ప్రజల కోసం పథకాలు తేవడం మంచిదే, నేనేం కాదనను. గేమ్ డిజైన్ డాక్యుమెంట్‌ని కూడా కాస్త సంప్రదించి ఉంటే బాగుండేది. సమకాలీన కథగా మొదలుపెట్టిన గేమ్‌కి ఇప్పుడు ‘ఒకప్పటి రోజుల జ్ఞాపకాలు’ అని స్టోర్ పేజీలో రాసుకుంటున్నాను.

సరే, నీ మొదటి పన్నాగం దగ్గరికి వద్దాం. బస్సులో సీట్ల పైన ‘స్త్రీలకు’ అని రాయాలి. మూడక్షరాల పని. నేను వాడే ఇంజిన్‌లో అది ‘స్‌త్‌రీలకు’ అని వచ్చింది. వత్తులన్నీ విడిపోయి, పొల్లులన్నీ బయటపడి, మన లిపికి ఎవరో కట్టు విప్పేసినట్టు తయారైంది. ఇంగ్లిష్ అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి కూర్చుంటే చాలు. మనవి ఒకదాని కింద ఒకటి దూరి, ఆకారం మార్చుకుని, ముందూ వెనకా సర్దుకోవాలి. ఆ సర్దుబాటు చేసే హార్ఫ్‌బజ్ అనే కోడ్ లైబ్రరీ ఉచితంగానే దొరుకుతుంది. 2023లో వచ్చిన గోడో 4 అనే ఇంజిన్ దాన్ని లోపలే పెట్టుకుంది కూడా. కానీ నా బస్సు అప్పటికే ఇంకో ఇంజిన్‌లో సగం దారి వచ్చేసింది. బుద్ధున్నవాడైతే ‘స్త్రీలకు’ అన్న బోర్డుని బొమ్మగా గీసి అతికించి పక్కకి పోతాడు. నువ్వేమన్నావు? ‘తెలుగువాళ్ళందరికీ పనికొచ్చేలా ఇంజిన్‌కి తగిలించే ప్లగిన్ చేద్దాం’ అన్నావు. ప్లగిన్ మొదలైంది. దాన్ని పరీక్షించడానికి చిన్న టైపింగ్ గేమ్ మొదలైంది. టైపింగ్ గేమ్‌లో పదాల కోసం నిఘంటువుని శుభ్రం చేసే స్క్రిప్ట్ మొదలైంది. ఆ స్క్రిప్ట్‌కి ఒక వెబ్ పేజీ, దానికి ఒక లోగో. సీటు మీద బోర్డు ఇంకా ఖాళీగానే ఉంది. ఆడవాళ్ళ సీట్లో మగవాళ్ళు హాయిగా కూర్చున్నారు.

బడిలో తెలుగు మాస్టారు ఒక పద్యం బట్టీ పట్టించారు. భయపడి అసలు మొదలే పెట్టనివాళ్ళు, మొదలుపెట్టి అడ్డంకి రాగానే వదిలేసేవాళ్ళు, ఏమొచ్చినా పూర్తి చేసేవాళ్ళు అని మనుషులు మూడు రకాలట. ఆ కాలంలో నువ్వు లేవు కాబట్టి కవికి నాలుగో రకం తెలీదు. మొదలుపెట్టినదాన్ని వదలరు, పూర్తీ చేయరు. దాని పక్కనే ఇంకోటి మొదలుపెడతారు. అడిగితే ‘అన్నీ నడుస్తున్నాయి’ అంటారు.

నీ రెండో పన్నాగం గేమ్ జామ్ అనే పోటీ. 2002 నుంచి నడుస్తున్న లూడమ్ డేర్ లాంటివి ఎన్నో ఉన్నాయి. ఒక థీమ్ ఇస్తారు, 48 గంటల్లో గేమ్ చేసేయాలి. ఒకసారి నేను సఖినేటిపల్లి రేవు మీద పంటు గేమ్ చేశాను. లారీ, రెండు ఆటోలు, కొబ్బరికాయల ట్రాక్టరు, పది బైకులు, ఒక గేదె. అన్నిటినీ పంటు ఒరిగిపోకుండా ఎక్కించి గోదావరి దాటించాలి. గేదె మాట వినదు. అంతే గేమ్. ఏళ్ళ తరబడి చెక్కుతున్న బస్సు గురించి ఒక్కడూ అడగడు, ‘ఆ గేదె గేమ్ ఫుల్ వెర్షన్ ఎప్పుడు?’ అని మాత్రం ఇప్పటికీ మెసేజులొస్తాయి. నువ్వు పక్కన నిలబడి మీసం మెలేస్తున్నావు, చూస్తూనే ఉన్నా.

పైగా నీ దగ్గర సిఫారసు ఉత్తరాలు బోలెడు. నాలుగు రోజుల్లో చేసిన చిన్న గేమ్ పెరిగి పెద్దదై 2018లో ‘సెలెస్ట్’ అయిందంటావు. పేరు కూడా బయటపెట్టని ఒక కెనడా డెవలపర్ 2021 చివర్లో సరదాకి మొదలుపెట్టినది 2024 ఫిబ్రవరిలో ‘బలాట్రో’గా వచ్చి, నెల తిరక్కుండా పది లక్షల కాపీలు అమ్ముడుపోయిందంటావు. ‘హాలో నైట్’కి అదనపు భాగంగా మొదలైనది పెరిగి పెరిగి ‘సిల్క్‌సాంగ్’ అయిందంటావు. అన్నీ నిజాలే. కానీ సిల్క్‌సాంగ్‌ని ప్రకటించింది 2019 ఫిబ్రవరిలో, ఇచ్చింది 2025 సెప్టెంబరులో అన్న సంగతి మింగేస్తావు. మధ్యలో దాన్ని చేసిన ఆ ఆస్ట్రేలియా వాళ్ళు వాల్యూమ్ స్లయిడర్లు కూడా చేసే ఉంటారు, ఆ ముక్క నీ నోట రాదు.

స్టార్‌డ్యూ వ్యాలీ చేసిన ఎరిక్ బరోన్ పేరెత్తితే మాత్రం నువ్వు మాట మారుస్తావు. కంప్యూటర్ సైన్స్ చదివి, ఉద్యోగం దొరక్క, ప్రాక్టీస్ కోసమని మొదలుపెట్టి, నాలుగేళ్ళకి పైగా ఒక్కడే కూర్చుని బొమ్మలూ పాటలూ కోడూ అన్నీ చేసి 2016లో విడుదల చేశాడు. మధ్యలో సియాటిల్లో ఒక థియేటర్‌లో ప్రేక్షకులకి సీట్లు చూపించే పని చేశాడు. 2021లో కొత్త గేమ్ ప్రకటించాడు. ఆ తర్వాత ఏం చేశాడు? దాన్ని పక్కనపెట్టి పాత గేమ్‌కి అప్‌డేట్ చేశాడు, 2024లో 1.6 ఇచ్చాడు. మేం పాతది వదిలి కొత్తదాని వెంట పడతాం, ఆయన కొత్తది వదిలి పాతదాని వెంట పడ్డాడు. ఆ జబ్బు మందుల షాపులో దొరుకుతుందేమో కనుక్కుని చెప్పు.

అసలు నీ బలం ఎక్కడుందో నాకు అర్థమైంది. నిన్ను నొక్కడానికి రూపాయి ఖర్చు లేదు. పూర్తి చేయడానికే అడుగడుగునా గేటు. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో పెట్టాలంటే ఒక్కో గేమ్‌కి వంద డాలర్లు, అది వెయ్యి డాలర్ల వ్యాపారం చేశాకే ఆ వంద వెనక్కొస్తాయి. అమ్మకంలో 30 శాతం స్టోరుది. కొన్నవాడు రెండు గంటల్లోపు ఆడి, రెండు వారాల్లోపు వద్దంటే డబ్బు వాపసు. మంచి రూలే, నేనూ వాడుకున్నాను. అయితే గేదెని గంటలో అవతలి ఒడ్డుకి చేర్చేవాడికి ఆటా పూర్తవుతుంది, డబ్బూ తిరిగొస్తుంది.

ప్లే స్టోర్ గేటు ఇంకో రకం. 2023 నవంబరు తర్వాత సొంత పేరుతో ఖాతా తెరిచినవాళ్ళు గేమ్ విడుదల చేయాలంటే ముందు పన్నెండు మంది టెస్టర్లు వరసగా పద్నాలుగు రోజులు చేరి ఉండాలి. మొదట్లో ఇరవై మంది అన్నారు, 2024 చివర్లో దయతలచి పన్నెండు చేశారు. స్నేహితులందరూ గేమ్ డెవలపర్లే, వాళ్ళూ పన్నెండు మంది కోసమే వెతుక్కుంటున్నారు. చివరికి బంధువుల మీద పడ్డాను. బావ చేరాడు, మూడో రోజు ఫోన్ మార్చాడు. విజయవాడ పిన్ని చాలా శ్రద్ధగా ఆడింది. ‘ఒరే నాన్నా, ఏదో బస్సొచ్చి ఆగింది, ఎక్కమంటావా?’ అని ఫోన్ చేసింది. నువ్వే కండక్టర్ పిన్నీ అన్నాను. ‘నాకెందుకురా ఈ వయసులో’ అంది.

ఇక మావయ్య. గేమ్స్ చేస్తానంటే ఆయనకి తెలిసింది ఒక్కటే, రమ్మీ. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేములన్నిటినీ ఆపేస్తూ పార్లమెంటు చట్టం చేసింది. ఆ సాయంత్రమే ఫోన్: ‘ఏరా, నిన్నేం పట్టుకోలేదుగా?’ అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌నీ, డబ్బు పందెం లేని గేముల్నీ ప్రోత్సహిస్తామంది. ఆ సగం మా చుట్టాల్లో ఎవరి చెవినా పడలేదు. మావయ్యని తప్పుపట్టను. బలాట్రోలో పేకముక్కలు చూసి యూరప్ రేటింగ్ బోర్డే 18 ఏళ్ళు నిండాలంది, 2025లో గానీ దాన్ని 12కి దించలేదు. రేటింగ్ ఇవ్వడమే పనిగా ఉన్నవాళ్ళకే అంత కాలం పడితే, రిటైరైన హెడ్‌మాస్టారికి ఎంత పట్టాలి?

కాబట్టి నా డిమాండ్లు విను. పూర్తి చేసేవాడికి పెట్టిన రూల్సన్నీ మొదలుపెట్టేవాడికి పెట్టాలి. నిన్ను నొక్కిన ప్రతిసారీ వంద డాలర్లు డిపాజిట్ కట్టించుకో, పాతది విడుదలయ్యాకే తిరిగివ్వు. కొత్త ఐడియాని పన్నెండు మంది బంధువులకి చెప్పి, పద్నాలుగు రోజులు వాళ్ళ ప్రశ్నలకి జవాబు చెప్పిన తర్వాతే తెరుచుకో. పేరు పెట్టే గడిలో ‘మై ప్రాజెక్ట్’ అని నువ్వే రాసివ్వడం ఆపు. పేరు ఆలోచించలేనివాడికి గేమ్ ఎందుకు? ఇవేవీ కుదరవంటే కనీసం ఆ సెటింగ్స్ మెనూ అయినా నువ్వే చేసిపెట్టు.

ఇట్లు,
తమరి పాత ఖాతాదారుడు

తా.క.: బంధువుల షరతు పనిచేస్తుందో లేదోనని గేదె గేమ్ ఫుల్ వెర్షన్ ఆలోచన మావయ్యకి ఫోన్‌లో వివరించి చూశాను. పంటు, బరువు, గేదె మొండితనం, అన్నీ ఓపిగ్గా విన్నారు. ‘బాగుందిరా, మరి గెలిచిన డబ్బులు బ్యాంకులో పడతాయా, అందులోనే ఉండిపోతాయా?’ అన్నారు.