లోన్‌పై వెళ్లిన కుర్రాడు పనికిరాని కుర్రాడు కాదు

ఫుట్‌బాల్ అభిమానుల మధ్య ఒక వాదన చాలాకాలంగా చలామణీ అవుతోంది. నిజమైన ప్రతిభ ఉన్న ఆటగాడు 19 ఏళ్లు నిండేలోపే తన క్లబ్ మొదటి జట్టులో స్థానం సంపాదించుకుంటాడని, అలా సంపాదించుకోలేని వాణ్ని క్లబ్ చిన్న జట్లకు లోన్‌పై, అంటే ఒప్పందం తన దగ్గరే ఉంచుకుని కొంతకాలం అరువుగా, పంపుతుందని, ఒకటికి రెండుసార్లు పంపిందంటే అతని మీద ఆశ వదులుకున్నట్టేనని దాని సారాంశం. క్లబ్‌లు పిల్లలకు శిక్షణ ఇచ్చే అకాడమీలు చిన్న వయసులోనే ప్రతిభను పసిగడతాయనీ, అరంగేట్రం ఎంత తొందరగా జరిగితే అంత మేలనీ దీనికి తోడు చెబుతారు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఒక మ్యాచ్‌లో తడబడగానే అతని భవిష్యత్తు మీద తీర్పు చెప్పేయడానికి ఇదే కొలబద్ద అవుతోంది కాబట్టి, ఇందులోని ఒక్కో మాటనూ విడిగా పరీక్షించక తప్పదు.

ముందుగా, ఈ వాదనకు ఆధారంగా చూపే పేర్ల సంగతి. పేలే 17 ఏళ్లకు 1958 ప్రపంచకప్ గెలిచాడు. రూనీ 16 ఏళ్లకు, 2002 అక్టోబరులో, ఆర్సెనల్‌పై గోల్ కొట్టాడు. మెస్సీ 17 ఏళ్లకు బార్సిలోనా తరఫున లీగ్ మ్యాచ్ ఆడాడు. లమీన్ యమాల్ 15 ఏళ్లకే అదే క్లబ్‌లో అడుగుపెట్టి, 16 ఏళ్లకు 2024 యూరో సెమీఫైనల్‌లో ఫ్రాన్స్‌పై గోల్ చేశాడు. ఇవన్నీ నిజాలే. అయితే తొందరగా వచ్చినవాళ్లను మాత్రమే ఏరి జాబితా రాస్తే, గొప్పవాళ్లంతా తొందరగా వచ్చినట్టే కనిపిస్తుంది. 2015-16లో ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ గెలిచిన లెస్టర్ సిటీ జట్టునొక్కదాన్ని చూసినా ఈ లెక్క నిలబడదు. ఆ జట్టు మిడ్‌ఫీల్డ్‌ను మోసిన ఎన్గోలో కాంటే 19 ఏళ్ల వయసులో పారిస్ శివార్లలోని సురెన్ అనే చిన్న క్లబ్‌లో ఉన్నాడు. గోల్స్ కొట్టిన జేమీ వార్డీని 16 ఏళ్లకే షెఫీల్డ్ వెన్స్‌డే అకాడమీ వదిలించుకుంది. ఆ తర్వాత స్టాక్స్‌బ్రిడ్జ్ పార్క్ స్టీల్స్ అనే దిగువ స్థాయి జట్టులో వారానికి 30 పౌండ్లకు ఆడుతూ వచ్చిన అతను లెస్టర్‌కు చేరేసరికి వయసు 25 దాటింది. 19 ఏళ్ల గడువే నిజమైతే ఆ జట్టులో వీళ్లిద్దరికీ చోటే ఉండకూడదు.

ఇక అసలు మాట లోన్ గురించి. లోన్ అంటే తిరస్కారమని నమ్మేవాళ్లు ఇంగ్లండ్ స్ట్రైకర్ హ్యారీ కేన్ తొలి ఏళ్లను వరుసగా, తొందరపడకుండా చదవాలి. అతని సొంత క్లబ్ టాటెన్‌హామ్ అతన్ని 2011 జనవరిలో, 17 ఏళ్ల వయసులో, ఇంగ్లిష్ లీగ్‌లలో మూడో అంచె జట్టయిన లేటన్ ఓరియెంట్‌కు పంపింది. అక్కడ అతను 18 మ్యాచ్‌లలో 5 గోల్స్ చేశాడు. ఆ ఏడాది ఆగస్టులో సొంత క్లబ్ తరఫున యూరోపా లీగ్‌లో హార్ట్స్ జట్టుపై అరంగేట్రం చేసి, తాను సంపాదించిన పెనాల్టీని తానే తన్నితే గోల్‌కీపర్ ఆపేశాడు. 2012 మొదట్లో రెండో అంచెలోని మిల్వాల్‌కు వెళ్లి 9 గోల్స్ కొట్టాడు. తర్వాత నార్విచ్‌కు వెళితే, తొలి మ్యాచ్‌లోనే ఆఖరి నిమిషాల్లో గోల్‌కీపర్ ఒక్కడే ఎదురుగా ఉన్న అవకాశం చేజారింది, ఆపై పాదంలో ఎముక విరిగింది. అక్కడ అతని ఖాతాలో ఒక్క గోల్ కూడా లేదు. 2013లో లెస్టర్‌కు వెళ్లి 2 గోల్స్ చేశాడు. ఆ మే నెలలో, పై అంచెకు చేరేందుకు వాట్‌ఫోర్డ్‌తో జరిగిన ప్లేఆఫ్ సెమీఫైనల్ రెండో మ్యాచ్‌లో కేన్, వార్డీ ఇద్దరూ లెస్టర్ తుది జట్టులో లేక సబ్‌స్టిట్యూట్ల బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నారు.

అప్పటికి కేన్ వయసు 19 ఏళ్ల 9 నెలలు. నాలుగు క్లబ్‌లకు లోన్, నాలుగింటిలో కలిపి 16 గోల్స్, సొంత క్లబ్ తరఫున ప్రీమియర్ లీగ్ తుది జట్టులో ఒక్కసారైనా చోటు లేదు. పై వాదన ప్రకారం అతని కథ ఆ బెంచీ మీదే ముగిసిపోవాలి. కానీ 2014 ఏప్రిల్‌లో సండర్‌లాండ్‌పై తొలిసారి లీగ్ తుది జట్టులో ఆడి గోల్ చేశాడు, ఆ తర్వాతి సీజన్‌లో లీగ్‌లోనే 21 గోల్స్ కొట్టాడు. 2023 ఫిబ్రవరిలో జిమ్మీ గ్రీవ్స్ పేరిట ఉన్న 266 గోల్స్ క్లబ్ రికార్డును దాటాడు, మరుసటి నెలలో ఇంగ్లండ్ తరఫున అత్యధిక గోల్స్ చేసిన ఆటగాడయ్యాడు.

కేన్ ఒక మినహాయింపు అని తోసిపుచ్చే ముందు ఆ లోన్‌లు అతనికి ఏమిచ్చాయో గమనించాలి. యువజట్ల మ్యాచ్‌లో ఓడితే ఎవరి ఉద్యోగమూ పోదు. రెండో, మూడో అంచెలో మాత్రం జట్టు కింది అంచెకు పడిపోతే జీతాలు తగ్గుతాయి, ఒప్పందాలు ఆగిపోతాయి. అక్కడ ముప్పై ఏళ్లు దాటిన డిఫెండర్ తన ఇంటి ఖర్చు కోసం ఆడుతుంటాడు. బంతి గాలిలో ఉండగానే భుజంతో నెట్టి, మడమ మీద తొక్కి, ఎదుటివాణ్ని నేల మీద పడేసే విద్య అతనికి ఉంటుంది. ఆ ఒత్తిడిలో బంతిని గుండె మీద ఆపుకుని, వెన్ను గోల్ వైపు పెట్టి, తోటివాళ్లు పైకి వచ్చేదాకా కాపాడుకోవడం ఏ అకాడమీ మైదానంలోనూ పూర్తిగా అబ్బదు. కేన్ తర్వాతి ఆటలో అందరూ మెచ్చుకున్నది సరిగ్గా ఈ పనినే. లోన్ కాలాన్ని గోల్స్ లెక్కతో మాత్రమే కొలిచేవాళ్లకు ఈ చదువు కనబడదు.

లోన్ దారిలో ఎదిగినవాళ్లు ఇంకా ఉన్నారు. లూకా మోద్రిచ్‌ను 18 ఏళ్ల వయసులో క్రొయేషియా క్లబ్ దినామో జాగ్రెబ్ పొరుగు దేశమైన బోస్నియాలోని జ్రిన్స్కీ మోస్తార్‌కు పంపింది. కండబలం ఎక్కువగా నడిచే ఆ లీగ్‌లో నిలదొక్కుకున్న ఆ సన్నని కుర్రాడికే 2018లో ప్రపంచ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డి'ఓర్ దక్కింది. మార్టిన్ ఓడెగార్డ్‌ది ఇంకా స్పష్టమైన సాక్ష్యం. 15 ఏళ్లకు నార్వే జాతీయ జట్టులో ఆడి, 16 ఏళ్లకు రియల్ మాడ్రిడ్ చేరి, 2015 మేలో రొనాల్డో స్థానంలో మైదానంలోకి దిగిన ఆ బాలుడు అప్పట్లో ఒక వింతగా నిలిచాడు తప్ప, స్థిరమైన ఆటగాడు కాలేదు. హీరెన్‌వీన్, విటెస్సె, రియల్ సోసియెదాద్‌లలో లోన్‌పై వారం వారం ఆడిన తర్వాతే అతని ఆట కుదురుకుంది. ఆర్సెనల్‌కు కూడా మొదట లోన్‌పైనే వచ్చి, 2022లో ఆ జట్టుకు కెప్టెన్ అయ్యాడు.

అకాడమీలు చిన్నప్పుడే పసిగడతాయన్న మాట కూడా నిలబడదు. ఇంగ్లండ్‌లో పిల్లలను సెప్టెంబరు 1 హద్దుగా వయసు జట్లలో వేస్తారు. సెప్టెంబరులో పుట్టిన పిల్లవాడికీ, మరుసటి జూలైలో పుట్టిన పిల్లవాడికీ సుమారు పది నెలల తేడా ఉంటుంది. ఎనిమిదేళ్ల వయసులో అది మొత్తం జీవితంలో పదో వంతుకు పైనే. ఎత్తు, బలం, పరుగు అన్నింటిలోనూ ఆ తేడా కనిపిస్తుంది కాబట్టి శిక్షకుల కన్ను పెద్ద పిల్లల మీద పడుతుంది, ఎంపికైనవాళ్లకు మంచి శిక్షణ దొరికి తేడా ఇంకా పెరుగుతుంది. అకాడమీల్లో హద్దు తేదీ తర్వాతి తొలి నెలల్లో పుట్టినవాళ్లు అసహజంగా ఎక్కువగా ఉంటారన్నది అనేక దేశాల్లో మళ్లీ మళ్లీ తేలిన విషయం. కేన్ పుట్టింది జూలై 28న. ఎనిమిదేళ్ల వయసులో అతన్ని అకాడమీ నుంచి పంపేసింది ఆర్సెనల్. చిన్నగా ఉన్నాడని ఫ్రాన్స్ క్లబ్‌లు వద్దన్న గ్రీజ్‌మన్ కూడా సరిహద్దు దాటి స్పెయిన్‌లో ఎదిగి, ఫ్రాన్స్ తరఫునే ప్రపంచకప్ గెలిచాడు.

అరంగేట్రం ఎంత ముందైతే అంత మేలన్న మాటకు ఫ్రెడ్డీ అడూ జీవితమే జవాబు. 2004లో 14 ఏళ్లకు అమెరికా మేజర్ లీగ్ సాకర్‌లో ఆడిన అతను ఆ తర్వాత పదికి పైగా క్లబ్‌లు మారాడు, జాతీయ జట్టుకు ఆడినవి 17 మ్యాచ్‌లే. 16 ఏళ్లకు బార్సిలోనాలో మెరిసిన అన్సూ ఫాతీ మోకాలి గాయంతో, పలు శస్త్రచికిత్సలతో సతమతమై, చివరకు ఆట సమయం కోసం లోన్‌పైనే బయటికి వెళ్లాల్సి వచ్చింది. గాయాలకు ఒకే కారణం చెప్పలేం గానీ, ముందొచ్చినంత మాత్రాన భద్రత రాదన్నది స్పష్టం.

ఈ వాదనలో ఒక సత్యాంశం ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. లోన్‌పై వెళ్లినవాళ్లలో తిరిగొచ్చి మొదటి జట్టులో నిలవనివాళ్లే ఎక్కువ. అయితే లోన్‌పై వెళ్లని అకాడమీ కుర్రాళ్లలోనూ పైకి రానివాళ్లే ఎక్కువ, కాబట్టి తప్పు లోన్‌ది అనలేం. చెడ్డ లోన్ మాత్రం నిజంగా హాని చేస్తుంది: కుర్రాణ్ని బెంచీకి పరిమితం చేసే జట్టు, అతనికి అలవాటు లేని స్థానంలో ఆడించే కోచ్, సీజన్ మధ్యలో మారిపోయే యాజమాన్యం ఒక ఏడాదిని తుడిచేయగలవు. అందుకే జాగ్రత్తగల క్లబ్‌లు లోన్ ఆటగాళ్లను గమనించడానికే ప్రత్యేకంగా మనుషులను పెడతాయి, మ్యాచ్‌లకు వెళ్లి చూస్తాయి, ఆడించకపోతే ఎక్కువ రుసుము కట్టాలని కొన్ని ఒప్పందాల్లో షరతు పెడతాయి. ఆశ వదులుకున్న వాడి కోసం ఎవరూ ఇంత శ్రమపడరు.

పెద్ద క్లబ్‌లు డజన్ల కొద్దీ ఆటగాళ్లను లోన్‌లపై తిప్పుతూ నిల్వ చేసుకున్నాయన్న ఆరోపణ మాత్రం సరైనదే. ఫీఫా దాన్ని గుర్తించే 2022 జూలై నుంచి అంతర్జాతీయ లోన్‌లకు పరిమితి పెట్టి, 2024-25 నాటికి ఒక క్లబ్ బయటికి పంపగలిగేవాళ్ల సంఖ్యను ఆరుకు తగ్గించింది. ఆ లెక్కలోంచి 21 ఏళ్లు, అంతకు తక్కువ వయసున్నవాళ్లను, క్లబ్ సొంతంగా తయారుచేసుకున్న ఆటగాళ్లను మినహాయించింది, ఎందుకంటే ఆ వయసులో లోన్‌ను శిక్షణలో భాగంగానే చూసింది.